కంట్లో నలుసు, కంట్లో కటకం

సిర్గిట్టిలో పెరిగినవాళ్లకు ఇనుపరజను కొత్తకాదు. బిలాస్‌పూర్ రైల్వే బస్తీల్లో ఒకటైన ఈ ఊరికి పట్టాలూ యార్డూ దగ్గరే, పారిశ్రామికవాడ కూడా దగ్గరే. ఏ షెడ్డు ముందు నుంచి వెళ్లినా, తిరిగే సానరాయికి ఇనుము ఆనించినప్పుడు ఎగిరే నిప్పురవ్వలు కనిపిస్తాయి. కళ్లజోడు పెట్టుకోకుండా ఆ పనికి దిగినవాడి కంట్లో అలాంటి రవ్వ ఒకటి పడిందనుకోండి. ఆవగింజలో పదోవంతు కూడా ఉండదు. అయినా రాత్రికల్లా కన్ను చింతనిప్పులా ఎర్రబడుతుంది, నీరు కారుతుంది, వెలుతురు చూడడం కష్టమవుతుంది. మర్నాడు డాక్టరు దగ్గరికి వెళితే, నలుసు తీసేయడంతో ఆయన పని పూర్తికాదు. నలుసు ఉన్నచోట కార్నియా మీద గోధుమరంగు వలయం ఒకటి మిగిలి ఉంటుంది. అది తుప్పు! ఒకటి రెండు రోజుల్లోనే ఇనుము కొంచెం కొంచెంగా కరిగి కంటిపొరలోకి ఇంకిందన్నమాట. దాన్నీ జాగ్రత్తగా గీకి తీయాలి.

ఇప్పుడు అదే వీధిలో, రైల్వేలో ముప్ఫయ్యేళ్లు పనిచేసి రిటైరైన తాతగారిని తలుచుకోండి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో అలాంటివారు ఉండే ఉంటారు. ఆయనకు ఎప్పుడో శుక్లం తీసి, కంటి లోపల ప్లాస్టిక్ కటకం అమర్చారు. దాని వ్యాసం సుమారు 6 మిల్లీమీటర్లు. పట్టి ఉంచే కొక్కేలతో కలిపి కొలిస్తే 12, 13 మిల్లీమీటర్లు. ఇనుప నలుసు పక్కన పెడితే అది కొండ. పైగా కంటి లోపలే కూర్చుంది. అయినా తాతగారు హాయిగా పేపరు చదువుకుంటున్నారు.

రెండూ పరాయి వస్తువులే కదా! శరీరం ఒకదాని మీద అంత రభస చేసి, రెండోదాన్ని ఎందుకు ఊరుకుంది? "ప్లాస్టిక్ జడపదార్థం కాబట్టి" అని మీ క్లాసులో ఎవరో ఒకరు వెంటనే చెబుతారు. ఆ జవాబు సగమే నిజం. జడపదార్థమైన ప్లాస్టిక్‌ను కూడా మన తెల్లకణాలు ఊరికే వదిలిపెట్టవు. వదిలిపెట్టినట్టు కనిపించడం వెనక చాలా రసాయనశాస్త్రం ఉంది.

విమానం అద్దం నుంచి కంటి కటకానికి

1940 ఆగస్టులో ఇంగ్లండు మీద గగన యుద్ధం జరుగుతున్నప్పుడు గోర్డన్ క్లీవర్ అనే యువ పైలట్ విమానాన్ని శత్రువులు కూల్చారు. కాక్‌పిట్ కప్పు పగిలి, ముక్కలు అతని రెండు కళ్లలోకీ దూసుకుపోయాయి. ఆ కప్పు గాజుతో చేసింది కాదు. పెర్‌స్పెక్స్, అంటే పాలీ మిథైల్ మెథాక్రిలేట్. షాపుల నేమ్‌బోర్డులకు వాడే యాక్రిలిక్ రేకు ఈ జాతిదే. లండన్ కంటి డాక్టరు హెరాల్డ్ రిడ్లీ ఇలాంటి పైలట్లను పరీక్షిస్తూ ఒక విచిత్రం గమనించారు. పదునైన అంచు కదిలే కంటిపొరకు తగిలితే తప్ప, ఈ ముక్కలు లోపల ఎంతకాలం ఉన్నా కన్ను పెద్దగా వాయడం లేదు. ఇనుపముక్క అయితే కొన్నాళ్లకు రెటీనానే పాడుచేస్తుంది. రాగిముక్క అయితే ఇంకా ఘోరం. కంట్లో చీము పట్టినంత వాపు వస్తుంది.

1949 నవంబరు 29న సెయింట్ థామస్ ఆస్పత్రిలో రిడ్లీ శుక్లం తీసిన కంట్లో ఈ ప్లాస్టిక్‌తో చేసిన కటకాన్ని మొదటిసారి పెట్టారు. ఆనాటి పెద్ద డాక్టర్లు చాలామంది మండిపడ్డారు. కంట్లో పడినదాన్ని బయటికి తీయడం వైద్యం గాని, బయటిదాన్ని లోపల పెట్టడమేమిటన్నది వారి వాదన. వారి కోపానికి కొంత ఆధారం కూడా దొరికింది. తొలిరోజుల్లో కటకం పెట్టిన కళ్లలో కొన్ని బాగా వాచాయి.

ప్లాస్టిక్ అదే. పైలట్ల కళ్లలో ఊరుకున్న ప్లాస్టిక్ రోగుల కళ్లలో ఎందుకు గొడవ చేసింది? కారణాల్లో ఒకటి తరవాత తెలిసింది. క్రిములు చంపడానికి కటకాన్ని సెట్రిమైడ్ అనే ద్రావణంలో నానబెట్టేవారు. అది సబ్బులాంటి అణువు. ఒక చివర కొవ్వును పట్టుకునే పొడవాటి తోక, ఇంకో చివర ధనావేశం. తోక ప్లాస్టిక్‌ను పట్టుకుని ఉండిపోయేది. ఎంత కడిగినా కొంత మిగిలేది. అది కంట్లోకి చేరి వాపు తెచ్చేది. ఈ పద్ధతి వదిలి, సోడియం హైడ్రాక్సైడ్‌తో శుద్ధిచేసి, తటస్థం చేసి వాడడం మొదలుపెట్టాక ఆ రకం వాపు తగ్గింది. కటకం మొత్తం బరువు ముందు ఆ సెట్రిమైడ్ ఎంత? లెక్కలోకి రానంత. అయినా కంటి జాతకం మార్చడానికి అదే చాలింది. కణాలకు వస్తువు లోపల ఏముందో తెలియదు. వాటికి తగిలేది పైపొర ఒక్కటే.

మొదటి సెకనులో ఏం జరుగుతుంది?

ఏ వస్తువునైనా శరీరంలో పెట్టిన మరుక్షణం దాన్ని ముందుగా తాకేది నీరు. నీటి వెనకే ప్రోటీన్లు వస్తాయి. మన రక్తంలోని ప్లాస్మాలో లీటరుకు సుమారు 70 గ్రాముల ప్రోటీన్లు ఉంటాయి. వందల రకాలు. అందులో సగానికి పైగా ఆల్బుమిన్. గడ్డకట్టించే ఫైబ్రినోజెన్ లీటరుకు 2 నుంచి 4 గ్రాములు. ఈ ప్రోటీన్లు సెకన్లలో వస్తువును చుట్టేస్తాయి. తెల్లకణం అక్కడికి చేరుకునేసరికి అసలు వస్తువు ఎక్కడా కనబడదు. ప్రోటీన్ చొక్కా తొడుక్కుని ఉంటుంది. కణం తన చేతులతో తడిమేది ఆ చొక్కానే.

ఇది మీరు ఇంట్లోనే చూడవచ్చు. ఒక చెంచా గుడ్డు తెల్లసొనను గ్లాసు నీళ్లలో కలిపి, చిటికెడు ఉప్పువేసి గుడ్డతో వడగట్టండి. కొత్త పాలిథీన్ సంచి నుంచి ఒక పట్టీ కత్తిరించి, సగం వరకు మాత్రమే ఈ నీటిలో పది నిమిషాలు ముంచండి. తరవాత మంచినీళ్లలో నాలుగైదుసార్లు జాడించండి (సబ్బు తగలనివ్వకండి, సబ్బు కూడా ఇదే గారడీ చేస్తుంది). ఆరకముందే నిలువుగా పట్టుకుని చూడండి. ముంచని సగం మీద నీరు తామరాకు మీది బిందువుల్లా జారిపోతుంది. ముంచిన సగం మీద పలచని పొరగా అంటుకుని ఉండాలని చూస్తుంది. ఎన్నిసార్లు కడిగినా పోని ప్రోటీన్ పొర అక్కడ ఉందన్నమాట. తెల్లసొనలోని ముఖ్యమైన ప్రోటీన్ కూడా ఆల్బుమిన్ కుటుంబపు పేరున్నదే, ఓవాల్బుమిన్.

దాదాపు ఇదే ఉపాయంతో లియో వ్రోమన్ అనే శాస్త్రజ్ఞుడు 1962లో ఒక చక్కని విషయం బయటపెట్టారు. రకరకాల పలకల మీద ప్లాస్మా ప్రోటీన్లు అంటినప్పుడు నీటి బిందువు ఎలా పరుచుకుంటుందో గమనించారు. పలక మారితే పొర తీరు మారుతోంది. తరవాతి పరిశోధనల్లో ఇంకో సంగతి తేలింది. ఆ పొర స్థిరంగా ఉండదు. ముందుగా వచ్చి కూర్చున్న ప్రోటీన్‌ను, వెనక వచ్చి గట్టిగా అంటుకోగలిగినది లేపేసి తాను కూర్చుంటుంది. మన ప్యాసింజరు బండిలో సీట్ల వ్యవహారమే! దీనికి వ్రోమన్ ప్రభావం అని పేరు. ఈ వ్రోమన్ రెండో ప్రపంచయుద్ధంలో జపాను సైన్యానికి బందీగా గడిపినవారు. డచ్చి భాషలో పేరున్న కవి కూడా. 2014లో 98వ ఏట మరణించారు.

ఏ ప్రోటీన్ ఎక్కడ కూర్చోవాలో నిర్ణయించేవి ఉపరితలం మీద ఉన్న ప్రమేయ సమూహాలు. పాఠ్యపుస్తకంలో మీరు చదివే హైడ్రాక్సిల్, కార్బాక్సిల్, అమైన్, మిథైల్ సమూహాలే ఇవి. మిథైల్ సమూహాలు నిండిన ఉపరితలం జలవికర్షకం, నీటిని తోసేస్తుంది. ప్రోటీన్ అణువులో కూడా నూనె స్వభావమున్న భాగాలు ఉంటాయి. అవి మామూలుగా లోపలికి మడిచి ఉంటాయి. జలవికర్షక ఉపరితలం తగలగానే ఆ మడతలు విప్పుకుని ప్రోటీన్ దానికి కరుచుకుంటుంది. జలాకర్షక ఉపరితలం మీద నీరే గట్టిగా పట్టుకుని ఉంటుంది కనుక ప్రోటీన్‌కు చోటు దొరకడం కష్టం.

విప్పుకున్న మడత చెప్పే రహస్యం

మడత విప్పుకుంటే ఏమవుతుంది? ఇక్కడే అసలు కథ ఉంది. ఫైబ్రినోజెన్ మన రక్తంలో ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. తెల్లకణాలూ పక్కనే తిరుగుతుంటాయి. ఒకదాన్నొకటి పట్టించుకోవు. మరి ప్లాస్టిక్‌కు అంటుకోగానే ఆ ఫైబ్రినోజెన్‌నే తెల్లకణం ఎందుకు పట్టుకుంటుంది?

అమెరికాలో టాంగ్, ఈటన్ అనే ఇద్దరు 1993లో ఒక సూటి ప్రయోగం చేశారు. పాలియెస్టరు బిళ్లలు తీసుకుని ఎలుకల కడుపు కుహరంలో పెట్టారు. (మీ చొక్కాలోనూ నీళ్లసీసాలోనూ ఉండే పాలీ ఇథిలీన్ టెరిఫ్తలేటే ఇది.) కొన్ని బిళ్లలకు ముందుగానే ఆల్బుమిన్ పూత పూశారు. వాటి మీద భక్షక కణాలు కొద్దిగానే చేరాయి. ఫైబ్రినోజెన్ పూసిన వాటి మీద గుంపులుగా చేరాయి. అప్పుడు ఎలుకల రక్తంలో ఫైబ్రినోజెన్‌నే తగ్గించేసి చూశారు. పూతలేని బిళ్లల మీద కూడా కణాలు పలచబడ్డాయి! వాటికి ఫైబ్రినోజెన్ తిరిగి అందిస్తే మళ్లీ గుంపు కట్టాయి. బిళ్ల ఒకటే, ఎలుక జాతి ఒకటే. మారింది ఒక్క ప్రోటీన్.

తరవాతి ఏళ్లలో ఆ ప్రోటీన్‌లో ఏ ముక్క ఈ పని చేస్తోందో కూడా పట్టుకున్నారు. మామూలుగా లోపల దాగి ఉండే ఒక చిన్న అమైనో ఆమ్లాల వరస, ప్రోటీన్ ఉపరితలానికి అంటుకుని సాగినప్పుడు బయటపడుతుంది. తెల్లకణం మీద మాక్-1 అనే గ్రాహకం ఉంది. అది ఈ వరసను గుర్తుపట్టి పట్టుకుంటుంది. ఇందులో శరీరం చేసిన పొరపాటేమీ లేదు. గాయమైనచోట ఫైబ్రినోజెన్ ఫైబ్రిన్‌గా మారి పీచు కట్టినప్పుడు కూడా ఇదే వరస బయటపడుతుంది. కాబట్టి తెల్లకణం దృష్టిలో ఆ ప్లాస్టిక్ బిళ్ల ఒక మానని గాయం. గాయం దగ్గర ఏం చేయాలో అది చేస్తోంది, అంతే.

మింగలేనిదాన్ని ఏం చేస్తారు?

ముందుగా వచ్చేవి న్యూట్రోఫిల్స్. ఒకటి రెండు రోజుల హడావుడి వాటిది. వాటి వెనక స్థూలభక్షకాలు వస్తాయి. పేరులోనే ఉంది కదా, క్రిములనూ చచ్చిన కణాలనూ మింగి అరిగించుకోవడం వీటి పని. కాని ఒక్కో కణం వ్యాసం మిల్లీమీటరులో యాభయ్యో వంతు. ఎదురుగా ఉన్నదేమో 6 మిల్లీమీటర్ల కటకం! మింగడం కుదరదు. అప్పుడు అవి రెండు పనులు చేస్తాయి. అంటుకున్నచోటనే ఆమ్లాన్నీ, ఎంజైములనూ, చురుకైన ఆక్సిజన్ అణువులనూ వదులుతాయి. అప్పటికీ లాభం లేకపోతే పదులకొద్దీ, కొన్నిసార్లు వందలకొద్దీ కణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి అనేక కేంద్రకాలున్న బృహత్కణంగా మారతాయి. చివరికి పీచుకణాలను పిలిపించి వస్తువు చుట్టూ కొల్లాజెన్ గోడ కట్టిస్తాయి. రెండు నాలుగు వారాల్లో గోడ లేస్తుంది. అరిగించుకోలేకపోతే అడ్డుగోడ కట్టి వెలివేయడమన్నమాట.

ఎముకకు వేసిన రాడ్డు చుట్టూ గోడ ఉంటే పెద్ద నష్టం లేకపోవచ్చు. మధుమేహ రోగి చర్మం కింద పెట్టే గ్లూకోజ్ కొలిచే తీగ చుట్టూ గోడ లేస్తే మాత్రం రక్తంలోని చక్కెర దాన్ని సరిగా చేరదు. చర్మంలో గుచ్చే ఇలాంటి సెన్సర్లను పది పదిహేను రోజులకోసారి మార్చుకోవలసి రావడానికి ఇదొక కారణం.

ఈ నాటకమంతా బతికున్న మనిషిలో నేరుగా చూడగలిగే చోటు ఒక్కటే ఉంది. అదే కన్ను, పారదర్శకం కదా! కార్నియా కణాలను చూడడానికి వాడే స్పెక్యులర్ సూక్ష్మదర్శినిని కొంచెం లోపలికి కేంద్రీకరిస్తే కటకం ముందు తలం కనిపిస్తుంది. అలా చూసినప్పుడు ఆపరేషన్ అయిన తొలిరోజుల్లో గుండ్రటి చిన్న కణాలు, వారాలు గడిచేకొద్దీ అక్కడక్కడా పెద్ద బృహత్కణాలు కనిపించాయి. చూపులో ఏ ఇబ్బందీ లేని కళ్లలో కూడా! "ప్లాస్టిక్‌ను శరీరం ఊరుకుంది" అన్నమాట సగమే నిజమని చెప్పింది ఇందుకే.

మరి తాతగారి కన్ను వాయలేదేం? కంటి లోపలి నీటికి ఒక ప్రత్యేకత ఉంది. రక్తంలో లీటరుకు 70 గ్రాముల ప్రోటీన్ ఉంటే ఇందులో అర గ్రాము కూడా ఉండదు. రక్తానికీ ఆ నీటికీ మధ్య పటిష్ఠమైన కట్ట ఉంది. చొక్కా కుట్టడానికి గుడ్డే తక్కువన్నమాట. కాని మధుమేహం ఉన్నవారిలో, గ్లకోమా ఉన్నవారిలో, కంట్లో పాత వాపు ఉన్నవారిలో ఆ కట్ట కారుతుంది. ప్రోటీన్లు చొరబడతాయి. వీరి కటకాల మీద కణాలు ఎక్కువగా పేరుకుంటాయి.

అలాంటివారి కోసం 1980లలో స్వీడన్‌లో ఒక ఉపాయం ఆలోచించారు. కటకం ప్లాస్టిక్‌ను మార్చలేదు. దాని మీద హెపారిన్ అణువులను రసాయన బంధంతో నాటారు. హెపారిన్ రక్తం గడ్డకట్టకుండా వాడే మందుగా మీకు తెలిసి ఉంటుంది. చక్కెర గొలుసు, నిండా సల్ఫేట్ సమూహాలు, అంటే రుణావేశాలు. నీటిని బాగా పట్టుకుంటుంది. ఈ పూత ఉన్న కటకాలనూ లేనివాటినీ పోల్చి చూసిన పరిశోధనల్లో, పూత ఉన్నవాటి మీద కణాల పేరుకుపోవడం తక్కువని తేలింది.

ఈ రోజుల్లో మడతపెట్టి చిన్న రంధ్రంలోంచి లోపలికి పంపే మెత్తని యాక్రిలిక్ కటకాలే ఎక్కువ. కాని 1990లలో మన దేశంలో కంటి వైద్యాన్ని మార్చింది గట్టి పెర్‌స్పెక్స్ జాతి కటకమే. మదురైలో 1992లో మొదలైన ఆరోలాబ్ కటకాలను ఇక్కడే తయారుచేసి, వంద డాలర్ల పైమాటగా ఉన్న ధరను పది డాలర్ల చుట్టుపక్కలకు దించింది. ధర దిగకపోతే సిర్గిట్టి తాతగారు సోడాబుడ్డి కళ్లద్దాలతోనే సరిపెట్టుకోవలసి వచ్చేది.

ఉద్దానం నుంచి ఒక పాఠం

సిర్గిట్టి, బిలాస్‌పూర్‌లలోని తెలుగు ఇళ్లలో చాలామందికి ఉత్తరాంధ్రలో చుట్టాలు ఉంటారు. కోర్బా నుంచి విశాఖ వెళ్లే బండి ఎక్కి విజయనగరంలో దిగి, ఇంకో బండిలో పలాస వైపు వెళితే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వస్తుంది. కొబ్బరి, జీడితోటల పచ్చని సీమ. అక్కడ వేలమందిని పట్టిన కిడ్నీ జబ్బు గురించి మీరు వినే ఉంటారు. దాని కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. కిడ్నీలు రెండూ చెడినవారికి వారానికి రెండు మూడుసార్లు డయాలిసిస్ తప్పదు. రక్తాన్ని ఒంటి బయటికి తెచ్చి, సన్నని పొర మీదుగా పారించి, శుభ్రపరచి తిరిగి పంపుతారు. ఇది శరీరంలో అమర్చే వస్తువు కాదు గాని, ఉపరితలానికీ తెల్లకణాలకూ ఉన్న సంబంధం ఇంత స్పష్టంగా కనిపించే చోటు ఇంకొకటి లేదు.

పూర్వం ఆ పొరను సెల్యులోజ్‌తో చేసేవారు. దూదిలో, కాగితంలో ఉండేదే. డయాలిసిస్ మొదలైన పావుగంటలో రోగి రక్తంలో న్యూట్రోఫిల్స్ సంఖ్య ఒక్కసారిగా పడిపోయేది. కొన్ని గంటల్లో మళ్లీ పెరిగేది. ఎక్కడికి పోయాయి? అవి ఊపిరితిత్తుల సన్నని రక్తనాళాల్లో చిక్కుకుంటున్నాయని క్రాడాక్, ఆయన సహచరులు 1977లో చూపించారు.

కారణం మళ్లీ ప్రమేయ సమూహమే. రక్తంలో కాంప్లిమెంట్ అనే ప్రోటీన్ల దండు ఉంది. అందులో సి-3 అనే దానికి ఒక ప్రత్యేక బంధం ఉంటుంది. ఎలుకల బోనులో బిగించిన స్ప్రింగులాంటిది. అది విడివడగానే ఎదురుగా హైడ్రాక్సిల్ సమూహం ఉంటే దానితో గట్టి బంధం వేసుకుంటుంది. సెల్యులోజ్ గొలుసులో ప్రతి గ్లూకోజ్ మీదా మూడేసి హైడ్రాక్సిల్స్ ఉన్నాయి! సి-3 అంటుకున్నచోట ఇంకో సి-3 తయారవుతుంది, అలా గొలుసుకట్టుగా సాగుతుంది. దారిలో తెగిపడిన చిన్న ముక్కలు తెల్లకణాలకు అపాయం కబురు మోస్తాయి. అవి జిగటగా మారి, ముందుగా ఎదురయ్యే ఊపిరితిత్తుల నాళాలకు అంటుకుంటాయి. ఎన్నో క్రిముల గోడలు కూడా చక్కెర గొలుసులతో చేసినవే కనుక, శరీరం తప్పుడు చిరునామాకు సరైన దండును పంపుతోందన్నమాట. మన సొంత కణాల మీదా చక్కెరలు ఉన్నాయి గాని, వాటి కొసన సియాలిక్ ఆమ్లం ఉంటుంది. అది ఫ్యాక్టర్-హెచ్ అనే కాపలాదారును పిలిచి కాంప్లిమెంట్‌ను ఆపుతుంది. హెపారిన్ కూడా అదే కాపలాదారును పిలుస్తుంది. కటకం మీది పూత గుణం కొంత ఇందులోనే ఉంది.

విరుగుడు మీరే ఊహించగలరు. హైడ్రాక్సిల్స్‌కు అసిటేట్ మూతలు పెడితే సెల్యులోజ్ గొడవ తగ్గింది. తరవాత అసలు సెల్యులోజ్ లేని పాలీసల్ఫోన్ వంటి కృత్రిమ పొరలు వచ్చాయి. ఈనాటి డయాలిసిస్ కేంద్రాల్లో ఎక్కువగా కనిపించేవి ఇవే.

ఇక్కడ ఒక చిక్కు గమనించారా? ఇందాక జలాకర్షక ఉపరితలం మంచిదన్నాం. సెల్యులోజ్‌కు మించిన జలాకర్షకం ఏముంది? నీటిని పట్టుకోవడం ఒక్కటే చాలదు. ఏ సమూహంతో పట్టుకుంటోందన్నది కూడా ముఖ్యం.

పట్టాకు తుప్పు, టైటానియానికి తొడుగు

లోహాల సంగతి క్లుప్తంగా చూద్దాం. ఎండావానల్లో పడి ఉన్న పట్టాముక్కకు తుప్పు పట్టి రేకులుగా రాలుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసిన ఎల్‌హెచ్‌బి రైలు పెట్టెలు అలా తుప్పు పట్టవు. ఉక్కులోని క్రోమియం గాలి తగలగానే కంటికి కనబడని ఆక్సైడ్ తొడుగు వేసుకుంటుంది. టైటానియం ఇంకా గట్టిది. దాని ఆక్సైడ్ పొర మందం కొద్ది నానోమీటర్లే, గీత పడినా క్షణంలో మళ్లీ ఏర్పడుతుంది. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో 1973లో స్థాపించిన మిధాని విమానాలకూ రాకెట్లకూ టైటానియం మిశ్రలోహాలు చేస్తూనే, ఎముకలకు బిగించే పరికరాలనూ తయారుచేస్తోంది. విరిగిన తొడ ఎముకలో ఆ లోహం ఉన్నా, కణాలకు తగిలేది లోహం కాదు. తగిలేది ఆక్సైడ్ పింగాణీ. స్వీడన్ డాక్టరు బ్రొనెమార్క్ 1950లలో కుందేళ్ల ఎముకలో పెట్టిన టైటానియం గొట్టాన్ని పీకబోతే ఊడిరాలేదు, ఎముక దాన్ని నేరుగా పట్టుకుంది. 1965లో ఆయన మొదటి రోగికి టైటానియం దంతమూలాలు అమర్చారు. కంట్లో పడిన ఇనుప నలుసుకు లేనిది ఈ తొడుగే. దానిమీది ఇనుము అయాన్లుగా కరిగి చురుకైన ఆక్సిజన్ అణువులను పుట్టించి కణాలను కాలుస్తుంది.

అంటుకోని ఉపరితలం దొరుకుతుందా?

ప్రోటీనే అంటకపోతే చొక్కా ఉండదు, చొక్కా లేకపోతే తెల్లకణానికి పట్టు దొరకదు. ఆలోచన సులువే. 2013లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ధనావేశమూ రుణావేశమూ రెండూ సమానంగా ఉన్న సమూహాలతో ఒక జెల్ చేశారు. మొత్తం మీద ఆవేశం సున్నా, నీటిని మాత్రం విడవకుండా పట్టుకుంటుంది. ఎలుకల్లో మూడు నెలలైనా దాని చుట్టూ గట్టి గోడ లేవలేదు.

క్లీవ్‌లాండ్‌లో జేమ్స్ ఆండర్సన్ బృందం చూపిన ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. అది కొంచెం ఉత్సాహం తగ్గించేదే. జలాకర్షక, రుణావేశ ఉపరితలాల మీద స్థూలభక్షకాలు తక్కువగా అంటుకుంటాయి, బృహత్కణాలు తక్కువగా ఏర్పడతాయి, అంటుకున్నవి త్వరగా చనిపోతాయి. కాని మిగిలిన కొద్ది కణాలు ఒక్కొక్కటీ ఎక్కువ కబురు అణువులను వదలగలవు. తలలు లెక్కపెట్టి వాపు తగ్గిందని తేల్చేయకూడదన్నమాట.

అన్నిసార్లూ అంటకపోవడమే కావాలనీ కాదు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో వలియత్తాన్ బృందం రూపొందించిన గుండె కవాటాన్ని 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చారు. దానిలో రక్తం తగిలే బిళ్ల నున్నని పాలిథీన్ జాతి ప్లాస్టిక్, పట్టి ఉంచే చట్రం లోహం, గుండెకు కుట్టే అంచు మాత్రం పాలియెస్టరు నేత. అంచులోకి కణజాలం పాకి అల్లుకోవాలి, బిళ్లకు ఏదీ అంటకూడదు. ఒకే పరికరం మీద మూడు ఉపరితలాలు, మూడు రకాల ఆహ్వానాలు.

ఇక మధుమేహానికి వద్దాం. ఇన్సులిన్ చేసే కణాలను జెల్ గుళికల్లో పెట్టి కడుపులో ఉంచితే, రోజూ సూదిమందు అక్కర్లేదు కదా అన్నది పాత కల. గుళికలకు వాడేది సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్. చక్కెర, ఆక్సిజన్, ఇన్సులిన్ దాని గుండా వెళతాయి, తెల్లకణాలు వెళ్లలేవు. కాని గుళికల చుట్టూ పీచు గోడ లేచి లోపలి కణాలు ఊపిరాడక చనిపోయేవి. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ బృందం ఆల్జినేట్‌కు రకరకాల సమూహాలు తగిలించి 774 రూపాలు తయారుచేసి ఒక్కొక్కటే పరీక్షించింది. ట్రయజోల్ అనే నత్రజని వలయం ఉన్న మూడు రూపాలు నిలిచాయి. 2016లో ప్రచురించిన ఫలితాల ప్రకారం కోతుల్లో ఆరు నెలలైనా వాటి చుట్టూ గోడ లేవలేదు. మధుమేహం ఉన్న ఎలుకల్లో అలాంటి గుళికల్లోని మానవ కణాలు 174 రోజులు చక్కెరను అదుపులో ఉంచాయి.

ఆ పరిశోధన నుంచే పుట్టిన గుళికలను, హీమోఫీలియా రోగులకు లోపించిన ప్రోటీన్‌ను తయారుచేసే కణాలతో నింపి మనుషుల్లో పరీక్షించారు. 2021లో పరీక్ష ఆగింది. ఒక రోగి నుంచి బయటికి తీసిన గుళికల చుట్టూ పీచు గోడ ఉంది, లోపలి కణాలు చనిపోయి ఉన్నాయి. ఎలుకనూ కోతినీ ఒప్పించిన ఉపరితలం మనిషి స్థూలభక్షకాన్ని ఒప్పించలేకపోయిందా? లేక లోపలి పరాయి కణాలు వదిలిన అణువులు బయటికి కారి కబురు చేరవేశాయా? ఈ రెండింటినీ విడదీయాలంటే ఖాళీ గుళికలనూ నిండు గుళికలనూ పక్కపక్కన పెట్టి, ఒక్కోదాని మీద మొదటి గంటలో ఏ ప్రోటీన్ కూర్చుందో చూడాలి. వ్రోమన్ 1962లో నీటి బిందువుతో అడిగిన ప్రశ్నే ఇది.